కరపత్రంలో లేని మాట

మా ప్రెస్సులో ప్రూఫులు దిద్దే ఆమెను అందరం ‘అచ్చుతప్పు’ అనేవాళ్ళం. ఆ పేరు పెట్టింది యజమాని. పుస్తకాన్ని ‘పుస్థకం’ అని రాసే పండితుడాయన. ఆమెకు ముప్పైఎనిమిదేళ్ళు. మిషన్ల రొదకు తట్టుకోలేక చెవుల్లో దూది పెట్టుకునేది. మొహం చూసి మాట్లాడేది కాదు. కాగితాల కట్టల వెనక ఒక్కతే కూర్చుని తినేది. ‘నా తల తినకు’ అని ఎవరైనా అంటే, ‘నేను తినడం లేదే’ అనేది. పదేళ్ళు అలా నవ్వుకున్నాం. మాకు అంతకుమించి తెలివి లేదు.

అది ఆటిజం అని డాక్టరు చెప్పేసరికి ఆమెకు ముప్పైమూడేళ్ళు. “పెంకితనానికి పెద్ద పేరు,” అని కొట్టిపారేశాడట ఆమె అన్న. వదిన మాత్రం ఆ రోజు నుంచి మిక్సీ వేసే ముందు ఆమెకు చెప్పి వేసేది.

అలాంటి రోజుల్లో దిగబడ్డాడు మహావీరుడు. అది నేను పెట్టిన పేరు. ఏదో సంఘానికి అధ్యక్షుడు. రైలు కట్ట అవతల కొత్తగా వచ్చి స్థిరపడినవాళ్ళను తరిమెయ్యాలన్నది ఆయనగారి ఆశయం. పనీపాటా లేనివాడికి ఆశయాలకేం కొదవ! అతను తెచ్చిన కరపత్రాన్ని మా యజమాని చదవకుండానే ఒప్పుకున్నాడు. ఆమె చదివి నలభైఒక్క తప్పులు చూపించింది.

“ఇన్నేళ్ళూ నీ విలువ ఇక్కడ ఎవరూ గుర్తించలేదా తల్లీ?” అన్నాడు మహావీరుడు.

“లేదండీ,” అంది. నిజమే కదా.

మంద వెలివేసిన గొర్రెను తోడేలు ఇట్టే పసిగడుతుంది. ప్రతి మంగళవారం, శుక్రవారం సరిగ్గా నాలుగింటికి వచ్చేవాడు. గొంతు తగ్గించి మాట్లాడేవాడు. ఆమె చెప్పేది చివరిదాకా వినేవాడు. వీళ్ళు మనవాళ్ళు, వాళ్ళు పగవాళ్ళు అని గీత గీసి చూపించాడు. మా వెక్కిరింతలు అర్థంకాక పదేళ్ళు నలిగిన మనిషికి ఆ గీత హాయిగా తోచింది. మాలో ఒక్కరైనా ఒక్క పూట ఆమె పక్కన కూర్చుని అన్నం తిని ఉంటే వాడికి అంత సందు దొరికేది కాదు.

ఐదో నెలకల్లా ఆమె దిద్దడం దాటి రాయడం మొదలుపెట్టింది. ‘ఈ శుక్రవారం వాళ్ళ కొట్లు మూయిద్దాం’ అన్న వాక్యం ఆమెదే. శుక్రవారం ఇరవైమంది వెళ్ళి కట్ట అవతల రొట్టెల కొట్టు అద్దాలు పగలగొట్టారు. కొట్టతనికి నుదురు చిట్లింది. అది విని ఆమె రెండు రోజులు తిండి ముట్టలేదట.

తర్వాతి మంగళవారం మహావీరుడు ఒక సంచీతో వచ్చాడు. నేను కాగితాలు కోసే మిషన్ ఆమె గది గోడ పక్కనే. అది ఆపి ఉండడంతో మాటలన్నీ వినబడ్డాయి.

“దీన్ని వాళ్ళ సమావేశం హాలు మెట్ల కింద పెట్టి వచ్చెయ్. మిగతాది మావాళ్ళు చూసుకుంటారు. నిన్నెవరూ అనుమానించరు.”

“ఇందులో ఏముంది?”

“న్యాయం, తల్లీ.”

“న్యాయానికి కిరసనాయిలు వాసన ఉండదండీ.”

అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు.

“ప్రాణాలిస్తాం అని నాలుగో పేరాలో రాశారు. మీరెప్పుడిస్తారు?”

“నేను వెనకుండి నడిపించాలి కదమ్మా!”

“అది కరపత్రంలో లేదు.”

“మతిలేనిదానా! చెప్పింది చెయ్యి!”

ఆర్నెల్ల ‘తల్లీ’ అర నిమిషంలో ఊడిపోయింది. ఆమె సంచీ తీసుకుని బయటికి నడిచింది. అంతా విన్న నేను ఏం చేశానంటారా? మిషన్ ఆన్ చేసుకున్నాను.

ఆమె తిన్నగా ఇంటికెళ్ళింది. “వదినా, ఇది హాలు తగలబెట్టడానికి. అక్కడికి పిల్లలు కూడా వస్తారు. నేనేం చెయ్యాలి?”

వదిన ఇంకో మాట అడగకుండా చెప్పులు వేసుకుని ఆమెను స్టేషనుకు తీసుకెళ్ళింది.

“నా కళ్ళలోకి చూసి చెప్పు,” అన్నాడు ఇన్‌స్పెక్టరు. ఆమె చూడలేకపోయింది. అబద్ధమని తేల్చి మూడు రోజులు కూర్చోబెట్టాడు. మహావీరుడు మాత్రం నిటారుగా ఆయన కళ్ళలోకే చూస్తూ, “పాపం, పిచ్చిది సార్. జాలిపడి పలకరించేవాణ్ణి,” అన్నాడు. అబద్ధాలకోరు కళ్ళలోకి ఎంత బాగా చూడగలడో ఇన్నేళ్ళ సర్వీసులోనూ ఆయనకు బోధపడలేదు. చివరికి వాణ్ణి పట్టించినవి ఆమె తేదీలు వేసి దాచిన ప్రూఫులు. ప్రతి దాని మీదా వాడి చేతిరాత ఉంది.

“నువ్వు రాసిన మూడు కరపత్రాల సంగతి ఎత్తకే,” అని వదిన బతిమాలింది.

“నేనే రాశాను కదా వదినా,” అని అదీ చెప్పేసింది.

వాడికి ఏడేళ్ళు శిక్ష పడింది. ఆమెకు ఏడాదిపాటు వారంవారం స్టేషన్లో సంతకం.

యజమాని ఆమెను పనిలోంచి తీసేసి, “నేను ముందే అనుకున్నా,” అన్నాడు. అనుకున్న మనిషే ఆర్నెల్లు ఆ కరపత్రాలు అచ్చేశాడు. ‘ఆ జబ్బువాళ్ళతో ప్రమాదం’ అని వీధివీధినా ఒకటే గోల. అద్దాలు పగలగొట్టిన ఇరవైమందికి ఏ డాక్టరూ ఏ జబ్బూ చెప్పలేదు. వాళ్ళంతా మంచి కుటుంబాలవాళ్ళట!

ఇప్పుడు వదిన బడి పుస్తకాల ప్రూఫులు తెచ్చిస్తే ఇంట్లోనే దిద్దుతోంది. సంతకాల ఏడాది ముగిశాక ఒకసారి, వదినను వెంటబెట్టుకుని రొట్టెల కొట్టుకు వెళ్ళింది.

“కొట్లు మూయిద్దాం అని రాసింది నేనేనండీ.”

అతను చేతిలో ట్రే కింద పెట్టాడు. “క్షమించమంటావా?”

“లేదండీ. మీకు తెలియాలని చెప్పాను.”

“తెలిసింది. ఇక వెళ్ళమ్మా.”

ఆమె వెళ్ళింది. అతను వెనక్కి పిలవలేదు.