షెడ్డు గేటు దగ్గర పెళ్లిచూపులు

లా కాలేజీలో మొదటి సంవత్సరం పిల్లలకు నేరశాస్త్రం చెబుతాను. మనిషి తప్పు ఎందుకు చేస్తాడనేదానికి పాతకాలం వాళ్లు చెప్పిన కారణాలతో పాఠం మొదలవుతుంది. మొదట దయ్యం పట్టిందన్నారు. తర్వాత లాభనష్టాలు చూసుకునే చేస్తాడన్నారు. ఆ పైన ఒక డాక్టరు ఖైదీల పుర్రెలు కొలిచి, పెద్ద దవడ, కలిసిన కనుబొమ్మలు ఉన్నవాడు పుట్టుకతోనే దొంగ అని తేల్చేశాడు. ఇక్కడికి రాగానే పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకుని నవ్వుతారు. నాకు నవ్వు రాదు. మా నాన్న అదే కొలత పట్టుకుని నాకొచ్చిన మంచి సంబంధం చెడగొట్టాడు.

ఖరగ్‌పూర్‌లో మా తెలుగు రైల్వే కుటుంబాలకు ఒక అలవాటుంది. సంబంధం వచ్చిందంటే, జాతకాలకంటే ముందు ఒక పెద్దమనిషి పిల్లాడు పనిచేసే చోటికి వెళ్లి, డ్యూటీ దిగే వేళకు గేటు బయట నిలబడతాడు. పిల్లాడు ఎవరితో వస్తున్నాడు, నడక తిన్నగా ఉందా, సైకిలు ఎటు తిప్పుతున్నాడు, అన్నీ చూసి వస్తాడు. పలకరించడం మాత్రం ఉండదు. రైలింజన్ల షెడ్డులో ఫిట్టరుగా చేసి రిటైరైన మా నాన్నకు ఈ పనిలో గొప్ప పేరు. ఎవరి పిల్లకు సంబంధం చూసినా ఆయన్నే పంపేవారు.

నాకు సంబంధం వచ్చిన అబ్బాయి నిమ్‌పురా షెడ్డులో టెక్నీషియన్. తాల్‌బగీచాలో మా అత్త ఇంట్లో ఒకసారి కలిశాం. నేను ఏం పాఠం చెబుతానో అడిగి, చెప్పిందంతా చివరిదాకా విన్నాడు. నాకు నచ్చాడు. ఆ మాట అత్తతో చెప్పాను కూడా.

నాన్న గేటు దగ్గరికి వెళ్లొచ్చి, చెప్పులైనా విప్పకుండా తీర్పు చెప్పేశాడు.

“ఆ కనుబొమ్మలేటి, అలా కలిసిపోయినాయి? డ్యూటీ దిగీసి తిన్నగా పేకాట సందులోకి ఎల్లినాడు. ఆళ్ల అయ్యకీ అదే పిచ్చి గదా. రగతం ఎక్కడికి పోతాది?”

“మొహం చూసీ రక్తం చూసీ మనిషిని తేల్చీడం తప్పని నేను రోజూ పిల్లలకి చెప్తన్నాను నాన్నా.”

“నువ్వు పుస్తకాలు సదివినావు. నేను మనుషుల్ని సూసినాను.”

పోనీ ఆ సందులోకి ఎందుకెళ్లాడో అతన్నే అడగమన్నాను. పెళ్లికొడుకుని అలా అడగడం మర్యాద కాదన్నాడు. ఏడ్చాను, మాట్లాడటం మానేశాను. ఆయన కదల్లేదు. జాతకాలు కలవలేదని అత్త చేత కబురు పంపించేశారు.

మొన్న వానాకాలంలో నాన్న బీపీ మందుల కోసం రైల్వే ఆసుపత్రికి వెళ్లాం. అక్కడ ఆ అబ్బాయి తన తండ్రిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి మా పక్క బెంచీ మీద కూర్చోబెట్టాడు. నన్ను చూసి తల ఊపి, నాన్నవైపు తిరిగాడు.

“ఆ వేళ షెడ్డు గేటు కాడ నిలబడినారు గదా బాబాయి. ఆగి పలకరిద్దామనుకున్నాను. సందులోకెల్లి అయ్యని లెగదీసి ఇంటికి తేవాలి. నేనెల్లకపోతే ముక్కలు కింద పెట్టీవోడు కాదు.”

“రోజూ ఎల్లీవోడివా?”

“రోజూనీ. ఇప్పుడు మానీసినాడు లెండి.”

అతని గొంతులో నిష్ఠూరమేమీ లేదు. ఉంటే నాకు కొంత తేలికగా ఉండేదేమో. పొద్దంతా పనిచేసి, ఇంటికైనా పోకుండా తండ్రిని వెతుక్కుంటూ వెళ్లే మనిషిని నేను ఆ ఒక్క కారణానికే చేసుకునేదాన్ని. సరిగ్గా ఆ కారణానికే పోగొట్టుకున్నాను.

నాన్న నా వైపు వంగి చిన్నగా అడిగాడు.

“ఏటమ్మా, మళ్లీ ఓ మాట కదిపి సూడనా?”

అప్పుడే మందుల కౌంటరు దగ్గర్నుంచి ఒకమ్మాయి వచ్చింది. మెడలో పసుపుతాడు ఇంకా కొత్తగా ఉంది. “లెగండి మావయ్యా, మందులిచ్చీసినారు,” అంటూ ముసలాయన రెండో చెయ్యి పట్టుకుంది. వాళ్లు ముగ్గురూ టోటో రిక్షా ఎక్కేదాకా నాన్న చూస్తూనే ఉన్నాడు. నేను చూడలేకపోయాను.