మూడు కార్డులకు నేను చేసిన సమన్యాయం

పంజాగుట్టలో ఒక అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, పట్టపగలు, ఇద్దరు సాక్షుల ఎదుట నేను ఒక మనిషి గొంతును మాయం చేశాను. మాంత్రికుణ్ణి కాను, సౌండ్ ఇంజనీర్ని. అమీర్‌పేటలో కోర్సు చేసి, ఆ సర్టిఫికెట్‌ను ఇంట్లో దేవుడి పటాల పక్కన తగిలించుకున్న రకం. ఆ రోజు గుర్తొస్తే ఇప్పటికీ ఒకేసారి ఒళ్లు పులకరిస్తుంది, చెవులు ఎర్రబడతాయి.

ఆ సెల్లార్ స్టూడియో ఖలీల్ భాయ్‌ది. ఉన్నది ఒకటే గది. కంప్యూటరూ అందులోనే, మైకూ అందులోనే, పాడేవాళ్లూ మేమూ అందరం అందులోనే. పైన ఎవరైనా లిఫ్ట్ తలుపు ధడేల్మని వేస్తే ఆ తాళం కూడా పాటలో కలిసిపోయేది. కానీ కంప్యూటర్ పొట్టలో మాత్రం శబ్దానికి మెరుగులు దిద్దే మూడు డీఎస్పీ కార్డులు ఉండేవి. గొంతుకు ప్రతిధ్వని తొడగడం, తబలాకు గుమ్మనే మోత పెట్టడం లాంటి సింగారాలన్నీ వాటి పనే. అయితే ఒక్కో కార్డు మోయగలిగిన బరువుకు హద్దుంది. పైగా ఒక్కో సింగారం, మా భాషలో ఎఫెక్ట్, మొత్తం ఒకే కార్డులో పట్టాలి. అమీర్‌పేట చౌరస్తాలో మూడు షేర్ ఆటోల్లో తలా కాస్త చోటుందనుకోండి. అలాగని ఒక భారీ మనిషిని మూడు ముక్కలు చేసి ఎక్కించలేం కదా!

ఖలీల్ భాయ్ పద్ధతి మోటుగా ఉండేది. మొదటి కార్డును గొంతుదాకా నింపేవాడు. అది నిండాక రెండోది. మూడోదాన్ని ఖాళీగా వదిలేసేవాడు.

"గా మూడోది పాడనీకి వచ్చినోళ్ల కోసం. మెహమాన్ వస్తే ఒక కుర్చీ ఖాళీ ఉండాలె గద మియా" అనేవాడు.

నాకది కంటగింపుగా ఉండేది. రెండు కార్డులు చెమటోడుస్తుంటే మూడోది కాళ్లు చాపుకుని కూర్చోవడమా? ఇదేం న్యాయం?

సరిగ్గా నా బుర్ర ఇలా ఉడుకుతున్న రోజుల్లో ప్రేమలత టీచర్ వచ్చారు. గుంటూరు నుంచి ఎప్పుడో వచ్చి అమీర్‌పేటలో స్థిరపడి, బడిలో సంగీతం చెప్పి రిటైరైన మనిషి. వాళ్ల చర్చిలో అందరూ పాడుకునే కీర్తన ఒకటి ఆవిడ కట్టిందే. ఊరందరి నోటా ఉంది గానీ, కట్టిన మనిషి గొంతులో మాత్రం ఎక్కడా రికార్డు కాలేదు.

"వందనాలు బాబూ. వచ్చే వారం నా గొంతుకి ఆపరేషన్. గడ్డేదో తీసేస్తారంట. తర్వాత మాట్లాడగలను గానీ, పాట సంగతి చెప్పలేమన్నాడు డాక్టరు. అందుకే ఇప్పుడే పాడి పెట్టుకుందామని వచ్చా. ఒక్కసారైతే నిండుగా పాడగలను, రెండోసారికి దేవుడి దయ" అన్నారు.

ఆ రోజు శుక్రవారం. ఖలీల్ భాయ్ టోపీ పెట్టుకుంటూ నా వైపు తిరిగాడు.

"శ్రావణ్, నేను నమాజుకు పోయొస్త. రెండు ముచ్చట్లు యాదుంచుకో. మూడో కార్డు ఖాళీ ఉంచు. అమ్మ గొంతును సాదాగ రికార్డు చెయ్యి, మసాలా తర్వాత ఏసుకుందం."

"ఫికర్ చెయ్యకు భాయ్, నేను చూసుకుంట."

పాఠకులారా, మా హైదరాబాదులో ఎవరైనా "ఫికర్ చెయ్యకు" అంటే, వెంటనే ఫికర్ మొదలుపెట్టడం ఒంటికి మంచిది.

భాయ్ అటు పోయాడో లేదో, నేను సమన్యాయం స్థాపించాను. ముందే రికార్డు చేసి పెట్టుకున్న తబలా, వేణువు, కోరస్, అన్నింటి ఎఫెక్టులనూ మూడు కార్డులకూ సమానంగా పంచాను. తెర మీద కార్డుల బరువు చూపే మూడు పచ్చ గీతలు ఒకే ఎత్తులో నిలబడ్డాయి. ఎంత ముచ్చటగా ఉన్నాయంటే, ఫోన్‌లో ఫోటో కూడా తీసుకున్నాను.

తర్వాత టీచర్ గొంతుకు పెద్ద చర్చి మోగినట్టు మోగే ఎఫెక్ట్ పెట్టబోయాను. చోటు లేదంది. మూడింట్లో మిగిలిన చోటు కలిపితే అలాంటివి రెండు పడతాయి. ఏ ఒక్కదాంట్లోనూ ఒక్కటీ పట్టదు! నేను ఆగలేదు. దాన్ని నాలుగు వైపులా కత్తిరించి మూడో కార్డులోకి కుక్కాను. రెండో చరణం రాగానే దానంతటదే మేల్కొనేలా ఇంకో ఎఫెక్టునూ దాని పక్కన పడుకోబెట్టాను. అంతటితో ఊరుకున్నానా? గొంతును సాదాగా రికార్డు చేస్తే ఇక నా చదువెందుకని, ఆ కార్డు గుండా పోయి సింగారించుకున్నాకే గొంతు రికార్డయ్యేలా తీగ కలిపాను. సాదా గొంతు విడిగా ఎక్కడా దాచలేదు.

"ఏంటి బాబూ, అన్ని నొక్కుతున్నావు?"

"మీ గొంతుకు సింగారం చేస్తున్న టీచర్. పెద్ద చర్చిల పాడినట్టే ఉంటది."

"నేను పాడేది చిన్న చర్చిలోనే కదయ్యా!"

"మీరు చూడుండ్రి జర."

"సరే, నీ ఇష్టం. నా చెవుల్లోకి మాత్రం మ్యూజిక్కే పంపు. నా గొంతు నాకు వినిపిస్తే బిడియం నాకు."

టీచర్ పల్లవి ఎత్తుకున్నారు.

ఇక్కడ నాకు నవ్వులాట చేతకాదు. అంత చిన్న మనిషిలో అంత గొంతు ఎక్కడ దాగుందో నాకు ఇప్పటికీ తెలియదు. బిగ్గరగా లేదు. కానీ ఆ సెల్లార్ కప్పు పైకి లేచినట్టనిపించింది. మొదటి చరణం అయ్యేసరికి నాకూ ఆ గొంతుకూ మధ్య ఏ తీగా ఉండకూడదనిపించి, నా హెడ్‌ఫోన్స్ తీసి పక్కన పెట్టేశాను. నమాజు నుంచి వచ్చిన ఖలీల్ భాయ్ విడిచిన చెప్పులు చేత్తో పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయాడు. రెండో చరణంలో నాకు కన్నీళ్లు ఆగలేదు. తెర వైపు ఎవరూ చూడలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకునేవాళ్లు నయం, నేను కాలుతున్న చేతులతోనే చప్పట్లు కొట్టాను.

"మాషా అల్లా! గిసొంటి గొంతు నేను వినలేదమ్మా" అన్నాడు ఖలీల్ భాయ్. "శ్రావణ్, జర వినిపియ్యి."

టీచర్ ఫ్లాస్కు తీసుకుని గాలి కోసం బయట మెట్ల మీదికి వెళ్లాక వినిపించాను. పల్లవి బాగుంది. మొదటి చరణం బాగుంది. రెండో చరణం రాగానే తబలా ఉంది, వేణువు ఉంది, గొంతు లేదు.

"అమ్మ గొంతేది?"

"ఉంటది భాయ్, గిక్కడనే ఉంటది."

"సాదాగ రికార్డు చేసినవ్ గద?"

నేను మౌస్ అటూ ఇటూ కదిపాను.

"సాదా గొంతు యాడుంది మియా?"

"లేదు భాయ్."

జరిగింది అప్పుడు అర్థమైంది. పడుకోబెట్టిన ఎఫెక్ట్ చెప్పిన సమయానికి లేచింది, దానికి కూర్చోను చోటు లేదు. మూడో కార్డు నిండిపోయి, టీచర్ గొంతుతో సహా బరువంతా విదిల్చేసుకుంది. బరువు దిగింది కనుక మళ్లీ పచ్చగా మెరుస్తోంది. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాయం!

ఖలీల్ భాయ్ నన్ను తిట్టలేదు. అదే భయంగా ఉంది. "పొయ్యి ఆమెకు నువ్వే చెప్పు" అని మాత్రం అన్నాడు.

టీచర్ మెట్ల మీద కూర్చుని ఫ్లాస్కులోంచి వేడినీళ్లు తాగుతున్నారు. వెళ్లి ఎదురుగా నిలబడ్డాను, నా వెనకే ఖలీల్ భాయ్.

"టీచర్... రెండో చరణం పోయింది."

"పోయిందా? అంటే, రికార్డు కాలేదా?"

"ఒక్క ముక్క సుత కాలేదు టీచర్."

ఆవిడ కళ్లు మూసుకున్నారు. రెండు చేతులూ జోడించారు. "స్తోత్రం తండ్రీ!" అన్నారు.

ఖలీల్ భాయ్, నేను మొహాలు చూసుకున్నాం.

"ఇంకోసారి పాడతానని ఎలా అడగాలా అని చస్తున్నాను బాబూ! రెండో చరణం మర్చిపోయి మొదటిదే మళ్లీ పాడేశా. నేను కట్టిన పాటే!"

"మరి చెప్పాలె గద టీచర్!"

"ఎలా చెప్పనయ్యా? నువ్వేమో వెక్కి వెక్కి ఏడుస్తున్నావు. ఆయనేమో చెప్పులు గుండెకు హత్తుకుని నిలబడ్డారు. తప్పే ఇంత బాగా పాడానా అని నోరు మూసుకున్నా!"

ఈసారి ఖలీల్ భాయ్ కూర్చుని ఎఫెక్టులన్నీ తీసి అవతల పారేశాడు. టీచర్ మళ్లీ పాడారు. ఒకచోట గొంతు కాస్త జీరపోయింది. మాటలు తప్పలేదు. ఆ పాట అలాగే ఉంది. దానికి ఏ సింగారమైనా చేయడానికి మా ఇద్దరికీ చేతులు రాలేదు. ఆపరేషన్ తర్వాత టీచర్ బాగానే మాట్లాడుతున్నారు, నన్ను బాగానే తిడుతున్నారు. ఆ పై స్థాయి మాత్రం తిరిగి రాలేదు. ఇప్పుడది ఉన్నది ఆ పాటలోనే.

అందుకని మూడు కార్డుల మీదా చేయి వేసి, కరెంటు తీసేశాకే లెండి, ఖలీల్ భాయ్ సాక్షిగా ప్రమాణం చేశాను. ఎంతటి గొప్ప గొంతు విన్నా, గుండె ఎంత కరిగినా, ముందు సేవ్ చేసి, సేవ్ అయిందో లేదో విని చూసుకుని, ఆ తర్వాతే ఏడుస్తాను.