మిరపకోత చేతులు, తోటకూర ముద్దలు

బుజ్జీ, పక్కింటి కోడలు మేడ మీద కుండీలో పెంచిన స్విస్ చార్డ్ అనే ఆకుకూర ఇచ్చిందే. ఎర్రటి కాడలు చూడగానే మన తోటకూర గుర్తొచ్చింది. కాడలకు పీచు తీసి ముందు ఉడికించి, తర్వాత ఆకు వేసి, చింతపండు పులుసు పోశాను. నువ్వు చనిపోయాక ఈ అమ్మ ఇష్టంగా వండటం ఇదే మొదలు.

ఎనభైలలో మిరపకోతలకు వెళ్లిన అక్కల్లారా, మీకూ గుర్తుందా? ఆముదం రాసినా చేతుల మంట తగ్గేది కాదు. ఆ చేత్తో అన్నం కలిపితే పిల్లల నోరు మండేది. ఒకరోజు బుజ్జీ, తోటకూర పులుసన్నం నీకెలా తినిపించాలా అని నేను దిగులుపడుతుంటే, ఆరేళ్లదానివి, కంచం లాక్కున్నావు.

"చేతులు వెనక్కి పెట్టుకో. నోరు తెరువు!"

"ముందు నువ్వు తినవే."

"మారాం చేశావంటే బూచోడికి పట్టిస్తా!"

నేను నిన్ను బెదిరించే మాటలన్నీ నాకే అప్పజెప్పావు. మీ నాయనమ్మ పడీపడీ నవ్వింది. ప్రతి ముద్దా సగం నా ఒళ్లోనే పడింది. నమిలిన కాడ పిప్పి ఊయబోతే, "మింగు" అని కళ్లెర్రజేశావు.

నువ్వు లేని ఇంట్లో ఇన్నాళ్లూ ముద్ద దిగలేదు. ఇవాళ నవ్వుకుంటూ రెండోసారి కూడా వడ్డించుకున్నానే తల్లీ.

ఇది చదివే మీరూ వేళకింత కడుపునిండా తినండమ్మా.