మావయ్య కూర్చున్న ఎత్తు

మా మావయ్య పోయాడన్న కబురు ఫోన్‌లో వచ్చింది. అప్పుడు నేను కొట్లో ఒక బ్యాగు అంచుకి రంగు వేస్తున్నాను. ఆయన కూతురు ఏడవకుండానే చెప్పింది: "నాన్న పొద్దున టీ తాగి పడుకున్నారు వదినా, మళ్ళీ లేవలేదు." వస్తున్నానని చెప్పి, ముందు రంగు సీసాకి మూత బిగించాను. బ్రష్ కడిగాను. రంగు ఆరిపోతే బ్రష్ పనికిరాదని నాకు నేర్పింది ఆయనే కాబట్టి ఆ కాస్త ఆలస్యం తప్పనిపించలేదు. తర్వాత షట్టర్ దించి బయల్దేరాను.

చర్చి వాళ్ళ సమాధుల తోటలో మట్టి చేశాం. పాస్టరు గారు ఆయన నమ్మకస్తుడని చెప్పారు, నిజమే. కష్టజీవి అన్నారు, అదీ నిజమే. ఆయన గురించి నన్నెవరైనా అడిగితే మాత్రం నా నోటికి ముందుగా ఒక బల్ల సంగతి వస్తుంది. అది చెప్పకుండా ఆయన ఎలాంటివాడో చెప్పడం నాకు చేతకాదు.

మావయ్య మా అమ్మకి తమ్ముడు. చెప్పులు కుట్టేవాడు. తోలుపని మా ఇళ్ళల్లో తాతల నాటి నుంచి ఉంది. మా తరంలో చాలామంది దాన్ని వదిలి టీచర్లు, గుమస్తాలు అయ్యారు. నేనూ కొన్నాళ్ళు ఒక ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పాను. నాకు పిల్లల దగ్గర కోపం ఎక్కువ, ఓపిక తక్కువ. తోలు దగ్గర ఓపిక ఉంది. అందుకని స్కూలు మానేసి, నరసాపురంలో రేవుకి వెళ్ళే దారిలో ఒక చిన్న కొట్టు అద్దెకి తీసుకుని బ్యాగులూ బెల్టులూ కుట్టడం మొదలుపెట్టాను. చెప్పుల పనికి మావయ్యని రమ్మన్నాను. అంతకు ముందు ఆయన బస్టాండు గోడ నీడలో కూర్చునేవాడు.

ఆయన పనంతా నేల మీదే. ముందు నల్లరాతి పలక, పక్కన తోలు కోసే రంపె, కన్నాలు పొడిచే ఆరె, ఒక నీళ్ళ డబ్బా. కాళ్ళు కూడా పనిచేసేవి. కుడికాలి బొటనవేలితో పట్టీ చివర తొక్కిపెట్టి, ఎడమ మడమతో చెప్పుని అదిమిపట్టి, చేతులతో కుట్టేవాడు. "దేవుడు నాకు నాలుగు చేతులిచ్చాడే, రెండిటికి చెప్పులేసుకుని తిరుగుతున్నాను" అనేవాడు. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు, మాట్లాడితే మాత్రం ఇలాగే. తోలు గురించి, "ఒకసారి చెబితే వినదు, మూడోసారి చెబితే చిరుగుతుంది" అనేవాడు. ఆ రెండోసారి ఎలా చెప్పాలో నేర్చుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. మిగిలిన ముక్కల్ని పారేసేవాడు కాదు. లేసు అల్లే ఆడవాళ్ళు ఆ దారినే వెళ్తుండేవారు. వాళ్ళు అల్లిక సూదులు పెట్టుకోవడానికి చిన్న చిన్న తొడుగులు కుట్టి ఊరికే ఇచ్చేవాడు.

తర్వాత మోకాళ్ళు అరిగాయి. డాక్టరు ఎక్స్‌రే చూసి ఇక నేల మీద కూర్చోవద్దన్నారు. మావయ్య కొట్టుకి రావడం మానేసి ఇంటి దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోవడం మొదలుపెట్టాడు. చూడ్డానికి వెళ్తే, రెండు చేతులూ ఒళ్ళో బోర్లించి పెట్టుకుని వీధిలోకి చూస్తున్నాడు. ఆ చేతుల్ని అంత ఖాళీగా నేనెప్పుడూ చూడలేదు. నేను లేవబోతుంటే, గుడ్డలో చుట్టిన రంపెలూ ఆరెలూ తెచ్చి నా చేతిలో పెట్టబోయాడు.

"నువ్వు వాడుకోవే. ఊరికే ఉంటే తుప్పు పడతాయి."

నాకు భయం వేసింది. పనిముట్లే వదులుకున్నవాడు ఇంకెన్నాళ్ళు ఉంటాడు అనిపించింది. మూట తీసుకోలేదు. "కొట్లో నీకొక బల్ల చేయిస్తాను మావయ్యా. కుర్చీలో కూర్చుని కుట్టుకుందువు గాని" అన్నాను.

అన్నంత తేలిక కాలేదది. ఫోన్‌లో వీడియోలు చూశాను. లోకంలో తోలుపని చేసేవాళ్ళందరూ బల్లల ముందు కూర్చుని హాయిగా పని చేసుకుంటున్నారు. అవి చూసి కాగితం మీద బొమ్మ గీసి వడ్రంగి మేస్త్రికిచ్చాను. వేపచెక్కతో బరువైన బల్ల, మధ్యలో రాతి పలక దింపడానికి గాడి, కింద తోళ్ళు దాచుకోవడానికి తలుపుల అలమర. మేస్త్రి బాగానే చేశాడు. సుత్తితో కొట్టినా బల్ల కదలలేదు. నాకు కాస్త గర్వంగా కూడా అనిపించింది.

మావయ్య వచ్చి కూర్చున్నాడు. బెల్టు ఇస్తే బల్ల మీద పెట్టి కుట్టాడు. చెప్పు ఇస్తే తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"బల్ల మీద పెట్టుకో మావయ్యా. దానికోసమే కదా చేయించింది."

"చెప్పు బల్ల మీద పెట్టమంటావేంటే?"

"ఇది పనిబల్ల. దీని మీద ఎవరూ అన్నం తినరు."

"ఏ బల్లయినా బల్లే. ఇంట్లో బల్ల మీద అన్నం పెట్టుకుంటాం, చర్చిలో బల్ల మీద ప్రభువు రొట్టె పెడతారు. రోడ్డంతా తిరిగొచ్చిన చెప్పుని ఆ ఎత్తున ఎలా పెడతానే? నీకు పర్లేదేమో, నాకు చెయ్యి రావట్లేదు."

వాదించాను. నాకు వాదించడం బాగా వచ్చు, ఆయనకి వినడం బాగా వచ్చు. అంతా విని, చెప్పు మాత్రం ఒళ్ళోనే ఉంచుకున్నాడు. ఒళ్ళో పెట్టుకుంటే పట్టు చిక్కదు. కాళ్ళేమో బల్ల కింద ఊరికే ఉన్నాయి. "నా కింది చేతులు రెండూ కట్టేశావే" అన్నాడు. వారం తిరక్కుండానే ఒంట్లో నలతగా ఉందని చెప్పి మళ్ళీ ప్లాస్టిక్ కుర్చీలోకి వెళ్ళిపోయాడు.

అప్పుడే వానలు పట్టుకున్నాయి. అలమరలో పెట్టిన తోళ్ళకి బూజు పట్టింది. గోదావరి పక్కన పుట్టి పెరిగి, వానాకాలంలో ఈ గాలి దేన్నీ పొడిగా ఉండనివ్వదని తెలిసి కూడా, తోళ్ళని చెక్కపెట్టెలో పెట్టి తలుపు వేశాను. వానలు తగ్గాక వాటిని అటక మీదికి ఎక్కించాను. పైన రేకుల కప్పు. నాలుగు ఎండలు కాసేసరికి తోలు అప్పడంలా తయారైంది. ఫోన్‌లో మొర పెట్టుకుంటే మావయ్య, "కిందైతే చెమ్మ, పైనైతే సెగ. మనిషెత్తులో పెట్టిచూడు" అన్నాడు. వెనక గోడకి జానెడు ఎడంగా వెదురు దండేలు కట్టించి, చీరలు ఆరేసినట్టు తోళ్ళన్నీ వాటి మీద వేశాను. ముక్కల్ని గాలాడే బుట్టల్లో సర్దాను. తోళ్ళ సంగతి తేలింది గానీ మావయ్య సంగతి తేలలేదు.

ఒకరోజు ఎవరికో బ్యాగు ఇవ్వడానికి పంటు ఎక్కి గోదావరి అవతలి ఒడ్డుకి వెళ్ళాను. ఆ ఇంటివాళ్ళది నేతపని. ఇంటి పెద్దాయన మగ్గం గుంటలోకి కాళ్ళు దించుకుని, గుంట అంచున నేల మీద కూర్చుని నేస్తున్నాడు. నేల మీదే ఉన్నాడు, కానీ మోకాళ్ళు ముడుచుకుని లేవు, కుర్చీలో కూర్చున్నట్టు కిందికి వాలి ఉన్నాయి. పైగా పాదాలు కూడా పని చేస్తున్నాయి. వాళ్ళు ఇచ్చిన మజ్జిగ సగం తాగి, సగం వదిలేసి వచ్చేశాను.

కొట్టు యజమానిని బతిమాలి ఒప్పించి గుంట తవ్వించాను. మావయ్యని ఆటోలో తీసుకొచ్చేసరికి అందులో నీళ్ళు ఊరి ఉన్నాయి. తోడించాను. మళ్ళీ ఊరాయి. రేవు పక్కన, పల్లపు నేలలో గొయ్యి తవ్వితే నీళ్ళు కాక ఇంకేం వస్తాయి? అవతలి ఒడ్డున ఆ నేతవాళ్ళ ఇల్లు నడుమెత్తు అరుగు మీద కట్టి ఉంది. ఆ మెట్లెక్కే లోపలికి వెళ్ళాను, అయినా సంగతి నా బుర్రకి ఎక్కలేదు.

మావయ్య చేతికర్ర ఆనించుకుని గుంటలోకి చాలాసేపు చూశాడు.

"రొయ్యలేద్దామా?" అన్నాడు.

ఇద్దరం నవ్వాం. ఆయన నవ్వగా చూసి చాలా నెలలైంది. నవ్వు ఆగాక అవతలి ఒడ్డు ఇంటి సంగతి చెప్పాను. ఆయన కర్రతో గుంట అంచు మీద తట్టి, "అయితే వాళ్ళు గొయ్యి తవ్వలేదే, నేలని పైకి లేపారు. మనమూ లేపుదాం" అన్నాడు.

"అప్పుడది బల్ల అయిపోదా?" అన్నాను, కావాలనే.

"నేను కూర్చున్నదీ చెప్పు పెట్టిందీ ఒకటే ఎత్తయితే అది నేలే."

గుంట పూడ్చేశాం. మేస్త్రి పాత బల్ల విప్పి, ఆ చెక్కలతోనే కొట్టు ముందుభాగంలో నడుమెత్తు చెక్క అరుగు కట్టాడు. మధ్యలో కాళ్ళు దించుకోవడానికి ఖాళీ, ఆ ఖాళీలో పాదాలు ఆన్చడానికి ఒక అడ్డుకర్ర, ఎక్కడానికి పక్కన మెట్లు, పట్టుకోవడానికి ఒక కడ్డీ. మావయ్య తనే ఒక పొడుగాటి తోలుపట్టీని ఉచ్చులా కుట్టుకున్నాడు. దాన్ని చెప్పు మీంచి తీసుకెళ్ళి కింద కాలితో తొక్కిపడితే చెప్పు రాతికి అంటుకుని కదిలేది కాదు. కింది చేతులు రెండూ మళ్ళీ పనిలో చేరాయి.

సామాన్లు ఎక్కడ పెట్టాలన్నది టేపుతో కొలవలేదు. ఆయన్ని కూర్చోబెట్టి, కళ్ళు మూసుకుని పని చేస్తున్నట్టు చెయ్యమన్నాను. చెయ్యి ఎక్కడికి వెళ్ళి ఆగితే అక్కడ సుద్దముక్కతో గీత గీశాను. రంపె కోసం కుడిచెయ్యి తొడ పక్కకి వెళ్ళింది. దారం కోసం ఎడంచెయ్యి వెనక్కి వెళ్ళింది. ఒకసారి చెయ్యి చెవి దగ్గరికి వెళ్ళి ఆగింది. అక్కడేముందని అడిగితే కళ్ళు తెరిచి, సిగ్గుపడుతూ, "బీడీ" అన్నాడు. మానేసి ఎన్నో ఏళ్ళయింది. మిగతా గీతలన్నిటి దగ్గరా మేస్త్రి చిన్న చిన్న అరలు బిగించాడు.

చివరి నాలుగైదేళ్ళు మావయ్య ఆ అరుగు మీదే పనిచేశాడు. ఇంటి దగ్గర ప్లాస్టిక్ కుర్చీని మనవలు క్రికెట్‌కి వికెట్లుగా వాడుకున్నారు.

మేమిద్దరం అనుకోనిది ఒకటి జరిగింది. ఆయన నేల మీద కూర్చున్నన్నాళ్ళూ వచ్చినవాళ్ళు నిలబడే, కాలు విదిలించి చెప్పుని ఆయన ముందు పడేసేవారు. అవమానించాలని ఎవరూ అనుకునేవారు కాదు, అది ఊరి అలవాటు, అంతే. ఆయన వంగి తీసుకునేవాడు. చిన్నప్పటి నుంచి చూసి చూసి నాకూ అది కళ్ళకి ఆనేది కాదు. ఇప్పుడు ఆయన మొహం వాళ్ళ మొహాలకి ఎదురుగా వచ్చింది. పని చేసే చోటు నడుమెత్తులో ఉంది. కాలు అంత ఎత్తు లేవదు. ఎంతటివాళ్ళయినా వంగి, తమ చెప్పు తామే తీసి, ఆయన చేతికి ఇవ్వాల్సి వచ్చింది.

మా వీధి చివర ఒక రిటైర్డ్ ఆఫీసరు గారు ఉంటారు. అరుగు కట్టాక మొదటిసారి వచ్చినప్పుడు ఆయన అలవాటుగా కాలు విదిలించారు. చెప్పు చెక్కకి తగిలి కింద పడింది. మావయ్య దాని వైపు చూసి, తర్వాత ఆయన మొహంలోకి చూశాడు.

"నాకు అందదండి. కాస్త ఇలా ఇవ్వండి" అన్నాడు మర్యాదగా, రెండు చేతులూ చాచి.

ఆఫీసరు గారు నా వైపు చూశారు. నేను కుట్టుమిషను ముందు నుంచి లేవలేదు. లేవాలనిపించలేదు. ఆయన వంగి, చెప్పు అంచుని రెండు వేళ్ళతో పట్టుకుని అందించారు. మావయ్య దాన్ని రెండు చేతులతో అందుకుని, తిప్పి చూసి, "మీరు మడమ ఈడుస్తున్నారండి, మోకాళ్ళ నొప్పులా?" అని అడిగాడు.

ఆయన వెళ్ళాక మావయ్య దారానికి మైనం రాస్తూ, "అందరికీ నడుములు వంగుతున్నాయే. ఒంటికి మంచిదే" అన్నాడు. ఆ విషయం మీద అంతకు మించి ఎప్పుడూ మాట్లాడలేదు. నాకు మాత్రం ఆ రోజంతా చెప్పలేనంత సంతోషంగా ఉంది. ఆయన మోకాళ్ళు ఒకందుకు అరగడమే మంచిదయిందేమో అని కూడా అనుకున్నాను.

పోను పోను ఆఫీసరు గారు తరచూ రావడం మొదలుపెట్టారు. రెండు వేళ్ళు పోయి చెయ్యి మొత్తం వచ్చింది. చెప్పు ఇచ్చి నిలబడి, నొప్పులకి రాసుకునే నూనెల గురించి, పులస దొరికిందా లేదా అన్న దాని గురించి మాట్లాడేవారు. "మేస్త్రి గారూ" అని పిలిచేదాకా వచ్చారు. మావయ్య ఆ పిలుపుకి పొంగిపోనూ లేదు, వద్దనీ అనలేదు.

మావయ్య పోయాక కొన్నాళ్ళకి కొట్టు తెరిచాను. వడ్రంగి మేస్త్రి పలకరించడానికి వచ్చి, అరుగు చుట్టూ ఓసారి తిరిగి, "ఆ ఖాళీ మీద చెక్క వేసేస్తానండి, కౌంటరుగా పనికొస్తుంది" అన్నాడు. ఆలోచించి చెబుతానన్నాను. అతను వెళ్ళాక ఎక్కి కూర్చున్నాను. నా పాదాలు అడ్డుకర్రని అందుకోలేదు, మావయ్య నాకంటే పొడుగు. సమాధుల తోటలో రాని ఏడుపు అప్పుడొచ్చింది. కాసేపు ఏడ్చి దిగాను.

ఆ మర్నాడే ఆఫీసరు గారు వచ్చారు. రెండు నెలలుగా కూతురి దగ్గర విశాఖపట్నంలో ఉండి ఆ ఉదయమే దిగారట, ఆయనకి ఏమీ తెలియదు. గుమ్మంలోనే వంగి తెగిన చెప్పు తీసుకుని, చేత్తో పట్టుకుని లోపలికి వచ్చి, "మేస్త్రి గారు రాలేదాండి?" అన్నారు.

"పోయారండి" అన్నాను.

ఎప్పుడు, ఎలా అని అడిగారు. చెప్పాను. చెప్పు ఇంకా ఆయన రెండు చేతుల్లోనే ఉంది.

"అక్కడ కింద పెట్టేయండి, నేను చూస్తాను" అన్నాను.

ఆయన కిందికి చూశారు. కాళ్ళ దగ్గర నేలంతా ఖాళీగానే ఉంది. చెప్పు వదలకుండా, ఒక కాలికి చెప్పుతో, ఒక కాలు ఉత్తగా, అలాగే నిలబడ్డారు.