అగ్గిపెట్టెల గేటు ముందు పెట్రోలు కారు

ఆ రోజుల్లో కారులో ఉద్యోగానికి వెళ్ళేవాడంటే మా వేలూరు వీధిలో ఒక మర్యాద ఉండేది. కారు నాది కాదనీ, దాని కంటే ముందు దాని వాసన వస్తుందనీ ఆ మర్యాద ఇచ్చేవాళ్ళకు తెలియదు. చదువు ముగించి గుడియాత్తంలో ఒక అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో గుమస్తాగా చేరినప్పుడు మా పెదనాయన తన పాత కారు తాళాలు నా చేతిలో పెట్టాడు. కార్బరేటరు బండి. పొద్దున్నే చోక్ లాగి కాసేపు బతిమాలితే గానీ కదిలేది కాదు. లోపల కూర్చుంటే పెట్రోలు బంకులో మంచం వేసుకుని పడుకున్నట్టుండేది. అదేమిటని పెదనాయనను అడిగితే, "పెట్రోలు తాగే బండికి పెట్రోలు వాసన గాక సాంబారు వాసన వస్తాదా?" అనేవాడు. నాకూ అది న్యాయంగానే తోచింది.

ఆ న్యాయం ఫ్యాక్టరీ గేటు దగ్గర చెల్లలేదు. అక్కడ కాపలా ఉండే ముసలామెను అందరూ గేటవ్వ అనేవాళ్ళు. లోపలికి పోయేవాళ్ళ జేబుల్లో బీడీలు, లైటర్లు ఉన్నాయేమో వెతకడం ఆమె పని. మొదటి రోజే నా చొక్కా దగ్గరికి ముక్కు తెచ్చి రెండడుగులు వెనక్కి వేసింది.

"తంబీ, యాడ నుంచి వస్తా ఉండావు? పెట్రోల్లో స్నానం చేసినావా?"

"వేలూరు నుంచి, కార్లో వచ్చినానవ్వా."

"కారో ఏనుగో నాకెందుకు? లోపలంతా అగ్గిపుల్లల మందు ఉండాది. ఈ వాసనతో నిన్ను పంపితే నా పని పోతాది."

మేనేజరు వచ్చి వాసన చూసి ఆమె పక్షమే వహించాడు. వారంలోగా వాసన పోవాలి, లేకుంటే ఇంకో చోటు చూసుకోవాలి. అంతవరకూ నా బల్ల, కుర్చీ గేటు బయట వేయించాడు. (బస్సులో పోవచ్చు కదా అంటారు మీరు. తన కారు ఇచ్చానని వీధి వీధికీ చెప్పుకున్న పెదనాయనతో ఆ మాట అనే ధైర్యం నాకు లేదు.)

మరమ్మతు సంగతి నా బుర్రకు తట్టలేదు. మొదట కారులో మల్లెపూల మాల వేలాడదీశాను. తర్వాత నిమ్మకాయలు కోసి సీట్ల కింద పెట్టాను. నాలుగో రోజు, నా తెలివికి నేనే మురిసిపోతూ, స్టీరింగు ముందు రెండు ఊదుబత్తులు వెలిగించి బయలుదేరాను. విరించిపురం దగ్గర బండి ఆగిపోయింది. రోడ్డు పక్క షెడ్డులోంచి వచ్చిన మెకానిక్ తలుపు తీసి, ఊదుబత్తులు చూసి, వాటిని లాగి నీళ్ళ బకెట్లో ముంచాడు. ఆ తర్వాత నన్ను కిందికి లాగాడు.

"పూజ చేస్తా ఉండావా, కొరివి పెట్టుకుంటా ఉండావా నాయనా?"

నేను బండికి పదడుగుల దూరం పోయి నిలబడ్డాను. ఆయన మాత్రం బానెట్ ఎత్తి నింపాదిగా చూశాడు. కార్బరేటరులో పెట్రోలును ఆపవలసిన సూది అరిగి, నిండాక కూడా పెట్రోలు పొర్లి వేడి ఇంజను మీద పడుతోంది. రబ్బరు పైపు ఎండి పగిలింది. టాంకీ మూతకు రబ్బరు వాషరే లేదు, దాని బదులు మడిచిన ప్లాస్టిక్ కవరు ఉంది. (అది మా పెదనాయన స్వహస్తాలతో చేసిన ఏర్పాటు.) పైగా నేను రోజూ మూత దాకా నింపించేవాణ్ణి.

బండిని అక్కడే వదిలి, మర్నాడు పెదనాయనను బస్సులో ఆ షెడ్డుకు వెంటబెట్టుకుని వెళ్ళాను. "నా బండికి రోగమంటావా?" అని ఆయన మొదలుపెట్టాడు. మెకానిక్ వాదించలేదు. కార్బరేటరు కింద తెల్ల కాగితం పట్టుకుని ఇంజను నడిపించాడు. కాగితం మీద చుక్క, పక్కన ఇంకో చుక్క. పెదనాయన దాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు.

"మార్చేయప్పా," అన్నాడు మెల్లగా.

సూది, పైపు, క్లిప్పులు, వాషరు అన్నీ మారాయి. వేడి బండి ఆపినప్పుడు కొంచెం వాసన ఉంటుందనీ, టాంకీ నిండా పోయించవద్దనీ, బండిలో ఇంకెప్పుడూ నిప్పు వెలిగించవద్దనీ మెకానిక్ చెప్పాడు. ఆ మూడో మాట మాత్రం రెండుసార్లు చెప్పాడు. మర్నాడు గేటవ్వ నా చుట్టూ తిరిగి వాసన చూసి, "ఇప్పుడు మనిషి వాసన వస్తా ఉండాది, పో," అంది. నా బల్ల లోపలికి పోయింది.

ఆ ఆదివారం కారు తుడుస్తుంటే పెద్దమ్మ వచ్చి తలుపు తీసి లోపలికి తొంగిచూసింది. తర్వాత ఇంట్లోకి పోయి, చీర మార్చుకుని వచ్చి ముందు సీట్లో కూర్చుంది. "ఏందిది?" అన్నాడు పెదనాయన. ఆమె ఎక్కడికైనా బస్సులోనే పోయేది. తన డ్రైవింగంటే ఆమెకు భయమని ఆయన పదేళ్ళుగా చిన్నబుచ్చుకుని ఉన్నాడట.

"నీ డ్రైవింగు కాదు, ఆ వాసనకు నాకు తల తిరగతా ఉండె," అంది పెద్దమ్మ.

"ముందే చెప్పకూడదా?"

"నువ్వు అంత ముద్దుగా తుడుచుకుంటా ఉంటే యెట్ల చెప్పేది?"

నన్ను నడపమని పెదనాయన వెనక కూర్చున్నాడు. ఒడుగత్తూరు దాకా పోయి వచ్చాం. దారంతా పెద్దమ్మ కిటికీలోంచి ఊళ్ళు చూస్తూ, పెదనాయన వెనక నుంచి ఆమెనే చూస్తూ, ఇద్దరూ ఒక్క మాటా మాట్లాడలేదు. నా డ్రైవింగు చూసి హడలిపోయారనుకుని, ఆ వయసు తెలివితో నేను బండిని ఇంకా మెల్లగా నడిపాను.