అమ్మ పాట వచ్చే స్టేషన్

నిన్న మిర్యాలగూడలో పాత సామాన్ల కొట్లో, తోలు కవరున్న రేడియో చూశాను. మీ ఇళ్లల్లోనూ ఉండేది కదా? వేములపల్లిలో మా రేడియోకు, స్టేషన్ మారకుండా నాయన నాబ్‌కు దారం చుట్టేవాడు. ఆ ఎఫ్‌ఎం స్టేషన్ వాళ్లే ఒకసారి మా పొలం గట్టుకొచ్చి, నాట్లేస్తూ అమ్మ పాడిన పాట రికార్డు చేసుకున్నారు. జానపదాల కార్యక్రమంలో అప్పుడప్పుడు వేసేవారు. అమ్మ పోయాక కూడా వేశారు. ఆ సాయంత్రాలు నాయన కలిపిన అన్నం పాట అయ్యేదాకా ముట్టేవాడు కాదు.

తర్వాత రైతుల ముచ్చట్లు, జానపదాలు తీసేసి రోజంతా సినిమా పాటలే పెట్టారు.

"ఇగ అమ్మ పాట రాదు నాయినా, వేరే స్టేషన్ పెడ్త" అని దారం విప్పబోయాను.

నాయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఉండనియ్ బిడ్డా. మీ అమ్మ వస్తే గీడికే వస్తది."