పడవెక్కిన ఆడమనిషి బొమ్మ

కాశీబుగ్గ బస్టాండులో నేను కవర్లో పెట్టి పంపిన బొమ్మల పుస్తకం తిరిగి రాలేదు. నలభై పేజీల నోటుపుస్తకం. దానికి నకలు లేదు. గీసిన అమ్మాయి అప్పుడు తొమ్మిదో తరగతి చదువుతోంది.

తొంభైల చివరి సంగతి. నేను పలాసలో విలేకరిని. కాశీబుగ్గ మార్కెట్ పక్కన ఒక అద్దె పుస్తకాల షాపు ఉండేది. విశాఖలో పాతవి కొనితెచ్చిన కామిక్సును, తెలుగు, హిందీ, ఇంగ్లీషు అన్నీ కలిపి, యజమాని తాడు మీద బట్టల్లా ఆరేసేవాడు. గాల్లో ఎగిరే, గోడలు బద్దలుకొట్టే ఆడవాళ్ల కథలు ఆ తాడు మీద నిలిచేవి కావు. వాటి పేజీల మూలల్లో నల్లటి జీడి మరకలుండేవి. జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్లు పని దిగి ఇంటికి పోతూ పట్టుకెళ్లేవారు. చదువు రానివాళ్లు బొమ్మలు చూసేవారు, పిల్లలు చదివి వినిపించేవారు.

"ఇంత ఎగిరినా జుట్టు సెదరదేటి బాబూ ఈవిడికి? మా జీడి బట్టీలో ఓ పూట కూకోమను" అంది ఒకామె నాతో.

ఆదివారం పేజీకి దీని మీద రాస్తున్నానని తెలిసి, యజమాని ఈ అమ్మాయిని చూపించాడు. వజ్రపుకొత్తూరు వైపు చేపల పల్లె వాళ్లది. తండ్రికి పడవ ఉంది. చదువు కోసం పిన్ని ఇంట్లో ఉండేది. పిన్నిదీ పిక్కలు కొట్టే పనే.

అమ్మాయి తనే ఒక కథ గీసింది. అందులో ఎగిరే ఆడమనిషికి ముసుగు లేదు. మోకాళ్ల పైకి దోపిన చీర, చేతిలో తెడ్డు. తుపానులో మునిగిపోతున్నవాళ్లను ఎగిరి వెళ్లి ఒడ్డున పడేస్తుంది. చివరి పేజీలో పడవెక్కి తనే నడుపుతుంది.

పిన్నికి అక్కడే నచ్చలేదు. వాళ్ల పల్లెలో ఆడవాళ్లు చేపలు ఎండబెడతారు, గంపకెత్తి అమ్ముతారు. వేటకెళ్లే పడవ మీద మాత్రం కాలు పెట్టరు.

"పడవెక్కించీసినావేటే? మీ నాయిన సూత్తే ఏటంతాడు?"

"గాల్లో ఎగిరితే నువ్వేటీ అన్నేదు గదా పిన్నీ."

"గాలికి ఆసామీ నేదు. పడవకి మీ నాయినున్నాడు."

పేపర్లో పడితే పల్లెంతా చూస్తుంది. ఆ ఆడమనిషిని పడవ దించి గీస్తేనే పుస్తకం నాకు ఇమ్మని పిన్ని పట్టుబట్టింది. అమ్మాయి పుస్తకం వెనక్కి తీసుకెళ్లి, మర్నాడు పాత పేపర్లో చుట్టి తెచ్చింది.

"సెలవులకి ఊరెల్లేలోగా తెచ్చియ్యండి. నాయినకి సూపించాల" అంది.

వార్తల కవర్లు రోజూ బస్సు కండక్టరు చేతికిచ్చి పేపరు ఆఫీసుకు పంపేవాళ్లం. ఆ రోజు నేను వెళ్లేసరికి బస్సు బయలుదేరబోతోంది. చుట్టిన కాగితం విప్పకుండానే వ్యాసంతో కలిపి కవర్లో పెట్టి అంటించేశాను. రంగులు రావని జిరాక్సు కూడా తీయించలేదు.

వ్యాసం ఆదివారం వచ్చింది, పక్కన ఎవరో విదేశీ వీరవనిత బొమ్మతో. పుస్తకం మాత్రం అందలేదన్నారు డెస్కువాళ్లు. రెండూ ఒకే కవర్లో వెళ్లాయి. రెండుసార్లు ఆఫీసుకు వెళ్లి బీరువాలు వెతికాను. అమ్మాయి సెలవులకు ఉత్త చేతులతో ఊరెళ్లింది.

తర్వాత పిన్ని షాపు దగ్గర నన్ను ఆపింది.

"పోతే పోయింది గానీ బాబూ, పడవ దించిందా నేదా?"

"అమ్మాయినే అడగాల్సింది."

"అడిగినాను. పేపరోలికిచ్చినాను, ఆల్లనే అడుక్కోమంది."

నేను చూడలేదని చెప్పాను. ఆమె నమ్మలేదు.

కొన్నేళ్లకు ఆ అమ్మాయి టెక్కలిలో డిగ్రీ చదువుతూ కనిపించింది. నేనూ అదే అడిగాను. చెప్పలేదు.